ఆరణాల పంట

పోయిన శుక్రవారం మా పెద్దబాపు కన్నుమూశాడు. ఖానాపూర్‌లో నేను పాఠం చెప్పే బడికి మా ఊరి మనిషి ఒకాయన వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "బిడ్డా, మీ పెద్దబాపు లేడు" అన్నాడు. బోర్డు మీద లెక్క సగంలో ఉంది. పిల్లలకు అది పూర్తిగా చెప్పాకే బయలుదేరాను. ఆయనైతే అలాగే చేయమనేవాడు.

పెద్దబాపు మా బాపుకు అన్న. చదువు రాదు. దారిలో ఎవరు ఎదురైనా "మీ దిక్కు పంటెట్లున్నది?" అని అడిగేవాడు. వాళ్లు ఏం చెప్పినా విని, తర్వాత వాళ్ల చేలలోని చొప్ప కుప్పల వైపు చూసేవాడు. జొన్న బాగా పండితే చొప్ప కూడా బాగా వస్తుంది. "మనిషి ఎట్లనన్న చెప్తడు. గంత చొప్పను యాడ దాపెడ్తడు?" అని నవ్వేవాడు.

మా వైపు పంటను అణాల్లో చెప్పేవాళ్లు. పదహారణాలంటే నిండు పంట, ఎనిమిదణాలంటే సగం. పంట చేతికొచ్చే రోజుల్లో రెవెన్యూ అధికారి గిర్దావర్ సాబు ఊరూరా తిరిగి అడిగి రాసుకునేవాడు. నైజాం కాలంలో లెవీ అని ధాన్యం ఎత్తుకుపోయిన భయం అప్పటికింకా మావాళ్లను వదల్లేదు. అందుకే ఎంత పండినా "ఆరణాలే సాబ్" అనడం అలవాటు.

ఆ రోజుల్లో నేను మా ఊరి బడిలో ఆఖరి తరగతి చదువుతున్నాను. జొన్నలకు మంచి ధర వస్తేనే లక్సెట్టిపేట పెద్ద బడికి పంపుతానని, లేకపోతే చదువు చాలని బాపు చెప్పేశాడు. ఆ ఏడు పంట బాగానే పండింది. గిర్దావర్ సాబు వస్తే ఊరంతా ఆరణాలే అన్నారు. పెద్దబాపు కూడా.

కొన్నాళ్లకు పత్రికలో సర్కారు అంచనా పడింది. అరుగు మీద కూర్చొని నేనే పైకి చదివాను. జిల్లాలో జొన్న పంట ఆరణాలే, కొరత రావచ్చని ఉంది. ఆ మాటతో వ్యాపారులు ఎగబడి కొన్నారు, ధర లేచింది. మావాళ్లు మాత్రం జొన్నలు దాచిన పాతరలు తెరవలేదు. ఇంకా పెరుగుతుందని ఆగారు.

"తమ్మీ, ఇప్పుడే పాతర తియ్యరా" అన్నాడు పెద్దబాపు.

"తొందరపడకన్నా. పేపర్ల పడ్డది. జిల్లా మొత్తం పంట పోయిందట."

"పేపరోనికి చెప్పిందెవరు? సర్కారు. సర్కారుకు చెప్పిందెవరు? గిర్దావర్. మరి గిర్దావర్‌కు చెప్పిందెవరురా?"

బాపు తల గోక్కున్నాడు. "మనమంటే భయానికి చెప్పినం."

"పక్కూరోళ్లు ధైర్యానికి చెప్పిన్రా?"

పక్కింటి కాక గోడ అవతలి నుంచి అందుకున్నాడు. "పెద్దన్నకు పేపర్ మీద నమ్మకం లేదు, చొప్ప మీదున్నది. పిల్లకు బడెందుకే, చొప్ప చదువుడు నేర్పు."

మర్నాడు పెద్దబాపు బాపును బండెక్కించుకొని చుట్టుపక్కల ఊళ్లు తిప్పాడు. ఏ చేలో చూసినా చొప్ప కుప్పలు ఇళ్లంత ఎత్తున్నాయట. ఇంటికి రాగానే బాపు పార పట్టుకొని పాతర దగ్గరికి పోయాడు. ఆ వారంలోనే మా జొన్నలు మంచి ధరకు పోయాయి.

వానలకు ముందు విత్తనాలకు, ఎడ్లకు అందరికీ ఒకేసారి డబ్బు అవసరమైంది. అన్ని ఊళ్ల పాతరలూ ఒక్కసారే తెరుచుకున్నాయి. మార్కెట్‌లో బండి నిలపడానికి చోటు లేదు. ధర పడిపోయింది. తమ పంట సంగతి తమకు తెలిసి కూడా, అందరూ తాము చెప్పిన మాటే అచ్చులో కనబడేసరికి నమ్మేశారు.

నన్ను లక్సెట్టిపేట బడిలో చేర్చి బాపు, పెద్దబాపు తిరిగిపోతుంటే, దారిలో కాక జొన్నలు వచ్చిన ధరకే అమ్ముకొని ఖాళీ సంచులతో నడిచివస్తూ కనిపించాడట. పెద్దబాపు ఆయన్ను బండెక్కించుకున్నాడు.

"అనరాదే, నేను చెప్తే విన్నవా అని" అన్నాడట కాక.

"ఏమంటనురా, నేను గూడ ఆరణాలే చెప్పిన. మార్కెట్‌కు గింజ కన్న ముందు మాట పోతది. మాట తప్పైతే అందరం ఆగమైతం."

మరుసటి ఏడు సెలవుకు ఊరికి వచ్చినప్పుడు కల్లం దగ్గర నేనూ ఉన్నాను. గిర్దావర్ సాబు పంటెంత అని అడిగాడు.

"పన్నెండణాలు" అన్నాడు పెద్దబాపు.

వెనక నుంచి ఎవరో "పన్ను పెరిగితే నువ్ కడ్తవానె?" అని గొణిగారు.

"పెరిగితే అందరం పోయి అడుగుదాం. ధర జర తగ్గుతదేమో. ఎంత అమ్మాల్నో, ఎంత ఉంచుకోవాల్నో అయితే ఎరుకైతది."

కాక ముందుకు జరిగాడు. "నాది పదమూడు రాసుకోండ్రి సాబ్. పెద్దన్న కన్న నాదే మంచిగ పండింది."

గిర్దావర్ సాబు రాయడం ఆపి మావాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. ఇంకొకరు తమ పంట చెప్పడానికి నోరు తెరిచారు. అప్పుడే గాలి లేచింది. పెద్దబాపు చేట పైకెత్తాడు. పొట్టు మా అందరి తలల మీదుగా ఎగిరిపోతుంటే, గింజలు నిట్టనిలువుగా ఆయన పాదాల ముందు రాలుతున్నాయి.