పిల్లి బారి నుంచి తివాచీని కాపాడిన వైనం

ఒక ఇంటిని పాడు చేయడానికి పిల్లికి ఎన్నాళ్ళు పడుతుందో నాకు తెలియదు. నాకు మాత్రం సరిగ్గా పదిహేను రోజులు పట్టింది. అది కూడా ఇంటిని కాపాడుతూ, రాత్రనక పగలనక శ్రమపడి మరీ పాడు చేశాను. ఇంత పట్టుదలగా పని చేసినవాణ్ణి ఏలూరు మొత్తం మీద అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. నవ్వదలచినవాళ్ళు ముందుగానే సర్దుకుని కూర్చోండి.

అవి పంతొమ్మిది వందల ముప్పై నాలుగో, అయిదో. నాకు ఇరవై మూడేళ్ళు. ఏలూరులో ఒక హైస్కూల్లో సైన్సు మాస్టరు ఉద్యోగం. గంధకం, పాదరసం, రెండు గాజు గొట్టాలు చేతిలో ఉండేసరికి ఈ భూమి మీద నాకు లొంగని సమస్య లేదని నమ్మేవాణ్ణి. పెళ్ళయి ఏడాది దాటినా నా భార్య రత్నం గణపవరంలో పుట్టింట్లోనే ఉంది. కారణం, నాకు ఇల్లు దొరక్కపోవడం. పూటకూళ్ళ ఇంట్లో తింటూ, ఒక స్నేహితుడి వసారాలో పడుకుంటూ మూడు నెలలు వీధి వీధీ తిరిగాను. మా మామగారు ఉత్తరం రాసినప్పుడల్లా, "ఇల్లు దొరికినదా?" అన్న ఒక్క ముక్క కింద రెండు గీతలు గీసేవారు.

చివరికి కాలువ గట్టు దగ్గర కామయ్యగారి పెంకుటిల్లు దొరికింది. ఆయన ఒకప్పుడు తివాచీలు నేసిన మనిషి. చూపు మందగించి మగ్గం మానేశారు. ఎదురింట్లో కొడుకులతో ఉంటూ ఈ చిన్న ఇల్లు అద్దెకిచ్చేవారు. ఆ ఇంట్లో ఆయనకు రెండే ప్రాణాలు. ఒకటి, వాళ్ళ నాన్నగారు చెక్కించిన టేకు గుమ్మం. లోపలికి వచ్చినప్పుడల్లా దాన్ని ఒకసారి అరచేత్తో నిమిరి మరీ వచ్చేవారు. రెండోది, చూపు తగ్గకముందు తన చేత్తో నేసుకున్న ఆఖరి ఉన్ని తివాచీ. సొంత ఇంట్లో మనవలు పదిమంది ఉన్నారు కనుక, కొత్త దంపతుల దగ్గరైతే క్షేమంగా ఉంటుందని దాన్ని మా ముందుగదిలో పరిచారు.

"మాస్టారూ, ఇల్లు మీదే అనుకోండి. ఒక్కటే షరతండి. పిల్లి పనికిరాదు."

"నాకు పిల్లెందుకండీ?" అన్నాను, నవ్వేసి.

నాలుగో రోజున మామగారి ఉత్తరం వచ్చింది. అమ్మాయీ, పిల్లీ ఆదివారం తాడేపల్లిగూడెంలో రైలెక్కుతున్నారని.

స్టేషనులో రత్నం దిగింది. ఆవిడ చేతిలో తాటాకు బుట్ట. బుట్టలోంచి రెండు పచ్చటి కళ్ళు నన్ను ఎగాదిగా చూశాయి.

"ఈ పిల్లెందుకు?"

"మల్లి అండి. పెళ్ళిలోనే చెప్పేంగా, నేనెక్కడుంటే అదీ అక్కడేనని."

"నాతో ఎప్పుడు చెప్పారు?"

"అప్పగింతలప్పుడండి. మీరు తలూపేరు కూడాను."

అప్పగింతలప్పుడు ఏ పెళ్ళికొడుకు తలూపడు చెప్పండి. ఆ సమయంలో ఏనుగును ఇస్తామన్నా ఊపేవాణ్ణి.

ఇద్దరం నేరుగా కామయ్యగారి దగ్గరికి వెళ్ళాం. నేను నీళ్ళు నములుతుంటే రత్నం వంగి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టింది.

"బాబాయిగారూ, పిల్లి ఏం పాడు చెయ్యదండి. పూచీ నాది."

ఆడపిల్ల మొదటిసారి వచ్చి బాబాయి అన్నప్పుడు కాదనడం కష్టం.

"సరేనమ్మా. పదిహేన్రోజులు చూస్తాను. పై ఆదివారం కాదు, ఆ పై ఆదివారం వస్తాను. గుమ్మం మీద ఒక్క గీత పడినా, తివాచీలో ఒక్క పోగు లేచినా ఖాళీ చెయ్యాల్సిందేనండి, మాస్టారూ."

ఇల్లు పోతే రత్నం మళ్ళీ గణపవరం, నేను మళ్ళీ పూటకూళ్ళు, ఉత్తరంలో ఈసారి మూడు గీతలు. ఆవిడ గాజుల చప్పుడు ఆ ఇంట్లో ఇంకా సరిగ్గా వినను కూడా లేదు. పోగొట్టుకోవడానికి నాకు మనసెలా ఒప్పుతుంది?

మర్నాడు పొద్దున్నే రత్నం ఒక చెక్కకు గోనెసంచి బిగించి చుట్టి పెరటి గోడకు ఆనించింది. పగిలిన మూకుట్లో బూడిద పోసి మూల పెట్టింది.

"గోళ్ళు దీని మీద గీరుకుంటుందండి. అవసరం అందులో తీర్చుకుంటుంది. పుట్టినప్పటి నించీ దానికి ఇదే అలవాటు."

మల్లి వెళ్ళి గోనెను రెండుసార్లు బరబరా గీరి, బూడిద వాసన చూసి, సంతృప్తిగా ఎండలో పడుకుంది. కథ అక్కడే అయిపోవాలి. ఆ ఇంట్లో సైన్సు మాస్టరు లేకపోతే అయిపోయేదే.

"గోనెసంచిని నమ్ముకుని కూర్చుంటామా?" అన్నాను.

"మా ఇంట్లో ఏళ్ళ తరబడి నమ్ముకున్నామండి."

"అది గణపవరం. ఇది శాస్త్రం."

ముందు గుమ్మం సంగతి పట్టించుకున్నాను. పిల్లికి ఘాటు గిట్టదు కనుక వేపనూనెలో గుంటూరు మిరపకారం కలిపి, బ్రష్షుతో గుమ్మానికి పైనుంచి కింది దాకా దట్టంగా పట్టించాను. టేకు నల్లబడింది. మల్లి గుమ్మం వైపు కన్నెత్తి చూడలేదు. అంతకుముందు కూడా చూడలేదనుకోండి, అయినా విజయం నాదే అని రాసుకున్నాను.

తరువాత తివాచీ. దాన్ని గట్టిగా చాపలా చుట్టి, రెండు వైపులా తాళ్ళు కట్టి, దూలానికి ఉన్న ఉయ్యాల కొక్కేలకు వేలాడదీశాను. నేల మీద లేని తివాచీని పిల్లి ఎలా గీరుతుంది? ఆ లోపల ఏ మూల ఏముందో మళ్ళీ విప్పి చూడవలసిన అవసరం నాకు కనిపించలేదు. మూడో ఉపాయం, ఆకలి లేని జీవికి అల్లరి ఉండదన్నది. రోజుకు నాలుగుసార్లు పెరుగన్నం, మధ్యలో చేపముక్క. వారం తిరిగేసరికి మల్లి దిండులా తయారయింది. దాని దారిన ఎలుక పోతున్నా తల తిప్పి, దానికి ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కున్నట్టు చూసి, మళ్ళీ కళ్ళు మూసుకునేది.

పన్నెండో రోజున పిల్లి ధోరణి మారింది. వేలాడే తివాచీ కింద కూర్చుని, పైకి చూస్తూ, తోక కొడుతూ అరవడం మొదలుపెట్టింది.

"ఏవండీ, అందులో ఏదో ఉందండి."

"ఉంది. దాని దురుద్దేశం ఉంది. వారం రోజులుగా అదను కోసం చూస్తోంది."

"ఒకసారి దింపి చూస్తే పోలా?"

"పరీక్ష ముందు దింపడమా? నీకు తెలియదు రత్నం, ఊరుకో."

పిల్లిని గెంటాను. వచ్చింది. మళ్ళీ గెంటాను. కిటికీలోంచి వచ్చింది. దానికి ముందుగదిలో అడుగు పెట్టే దారే లేకుండా చేయాలనుకున్నాను. శనివారం మధ్యాహ్నం కాలువ గట్టుకు పోతే, కొల్లేటి నుంచి వచ్చిన పడవ ఒకటి కనిపించింది. ఒక జాలరి పాత వలను మడత పెడుతున్నాడు.

"వల అమ్ముతావా?"

"దేనికండి, చేపలకేనా?"

"పిల్లికి."

అతను నా వంక చాలా జాలిగా చూసి వల ఇచ్చేశాడు. తెచ్చి, గోడలకు ఎనిమిది మేకులు దిగ్గొట్టి, ముందుగది వీధి వాకిలికీ, వంటింటి వాకిలికీ, కిటికీకీ బిగించాను. మల్లి వంటింటి వైపు ఉండిపోయింది. వలలో ఇరవై ఏళ్ళ కొల్లేటి చేపల వాసన ఉందన్న సంగతి మనిషి ముక్కుకు పెద్దగా తెలియలేదు. మా వీధిలో ఇతర ముక్కులు ఉన్నాయని నాకు తట్టలేదు.

ఆదివారం పొద్దున లేచి చూస్తే, వల నిండా పిల్లులు. రెండు బయటి నుంచి పీకుతున్నాయి. ఒకటి పూర్తిగా చుట్టుకుపోయి, నన్ను తిడుతోంది. మేకులు ఊడి, వాటితోపాటు గోడ సున్నం చేటెడు రాలింది. నేను ఆ చిక్కు విప్పుతూ ఉండగానే వసారాలో దగ్గు వినిపించింది.

"మాస్టారూ, వచ్చేనండి."

కామయ్యగారు అలవాటు ప్రకారం గుమ్మాన్ని ఆప్యాయంగా పైనుంచి కిందికి నిమిరారు.

"ఏంటండిది, జిడ్డుగా ఉంది?" అంటూ చెయ్యి ముఖం దగ్గర పెట్టుకుని చూశారు. సరిగా కనబడక, ఆ చేత్తోనే కళ్ళు నులుముకున్నారు.

తరువాతి నిమిషం గురించి ఎక్కువ రాయను. ఆయన కళ్ళు మూసుకుని చేతులు చాచుకుంటూ ముందుకు వచ్చారు. మిగిలిన మేకులూ ఊడిపోయి, వల, కామయ్యగారు, పిల్లి అందరూ కలిసి నేల మీదికి వచ్చారు.

వలలోంచి ఎంతో మర్యాదగా ఒక గొంతు వినిపించింది.

"మాస్టారూ, నేనెక్కడున్నానండి?"

"వలలో ఉన్నారండి."

"ఎవరిదండి వల?"

"మనదేనండి."

"పక్కన ఇంకెవరో ఉన్నట్టున్నారండి."

"పిల్లండి. కానీ మన పిల్లి కాదండి."

రత్నం పరుగున వచ్చి వల తీసి, ఆయన్ను కూర్చోబెట్టి, చల్లటి నీళ్ళతో కళ్ళు కడిగి, పాలలో తడిపిన గుడ్డ వేసింది. కాసేపటికి ఆయన కళ్ళు తెరిచారు. మొదట నేల వంక చూశారు.

"తివాచీ ఏదమ్మా?"

ఇదొక్కటి నా పక్షాన ఉంది. గర్వంగా పైకి చూపించాను. "గోరు తగలనివ్వలేదండి."

"దింపండి."

తాళ్ళు విప్పాను. చుట్ట దబ్బున పడి, నేల మీద దొర్లుతూ విచ్చుకుంది. చివరి మడతలోంచి ఒక ఎలుక దూకింది. దాని వెనక ఇంకొకటి. వల ఊడిన వంటింటి వాకిట్లోంచి మల్లి వచ్చింది, అంత లావు పిల్లీ గాలిలో తేలినట్టే వచ్చింది. మొదటిదాన్ని కామయ్యగారి కాళ్ళ దగ్గర పట్టుకుంది, రెండోదాన్ని గోడ మూల పట్టుకుంది.

తివాచీ నడిమి పువ్వులో చిన్న పళ్ళెమంత కన్నం. దాని పక్కన ఉన్నితోనూ, మా మూడో ఫారం పిల్లల పరీక్ష కాగితాలతోనూ అల్లిన చక్కటి ఎలుక గూడు.

కామయ్యగారు ఆ కన్నంలో వేళ్ళు పెట్టి తడిమారు. "ఈ పువ్వుకి నాకు రెండు నెలలు పట్టిందండి," అన్నారు మెల్లగా. ఆ మాటకు నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. అంత సిగ్గు నేను అంతకుముందు పడలేదు, తరువాతా పడలేదు.

"పిల్లి ఏం చేస్తోందమ్మా ఇన్నాళ్ళూ?"

"దాని కిందే కూచుని మొత్తుకుందండి. ఈయన గెంటేసేరు."

"గుమ్మానికి ఈ జిడ్డు?"

"ఈయనేనండి."

"గోడ?"

"అదీ ఈయనేనండి."

ఆయన లేచి ఇల్లంతా తిరిగారు. పెరట్లో పీలికలైన గోనెసంచి తప్ప, పిల్లి గోరు తగిలిన చోటు ఎక్కడా లేదు. తిరిగి వచ్చి, చేతులు కట్టుకుని, నాతో ఎంతో గౌరవంగా అన్నారు:

"అమ్మాయి ఉండొచ్చండి. పిల్లీ ఉండొచ్చండి. మీరు ఖాళీ చెయ్యాలి, మాస్టారూ."

నేను రత్నం వంక చూశాను. ఆవిడ వెంటనే అడ్డుపడుతుందనుకున్నాను. ఆవిడ కొంచెం ఆలోచించింది. ఉండవలసిన దానికన్నా ఎక్కువసేపే ఆలోచించింది.

"పోనీలెండి బాబాయిగారూ," అంది చివరికి. "పదిహేన్రోజులు చూద్దాం. ఏదీ ముట్టుకోకుండా నేను కనిపెట్టి ఉంటాను."

ఆయన ఒప్పుకున్నారు. మర్నాటి నుంచి రోజూ వచ్చి తివాచీకి మరమ్మతు చేశారు. రత్నం సూదిలో ఉన్ని ఎక్కించి ఇచ్చేది, మల్లి ఆయన ఒళ్ళో పడుకునేది. నన్ను మాత్రం గది చివర, అందరికీ కనబడేలా కూర్చోబెట్టేవారు.

పదిహేనో రోజున కామయ్యగారు వచ్చి ఇల్లు చూసి, నన్ను కూడా ఉండమన్నారు. నేను తలస్నానం చేసి, తడిబట్టలతో తూర్పు ముఖంగా నిలబడి, వాళ్ళ ముగ్గురి ఎదుట ప్రమాణం చేశాను: ఊపిరి ఉన్నంతకాలం, ఎవరు ఎంత బతిమాలినా సరే, ఈ లోకంలో ఏ వస్తువునూ నేను కాపాడనని.