సార్ చేతి తూటాలు

మా ఆసుపత్రి వెనక వీధిలో ఎవరిదో ఊరేగింపు పోతోంది. పటాకుల పొగ కిటికీలోంచి వార్డులోకి వచ్చింది. ఆ కాలిన మందు వాసనకి నా కుడిచేయి దానంతటదే బిగుసుకుంది. ఏర్పేడు పక్కన గుట్టల కింద మా షూటింగ్ రేంజి, అక్కడ మునిరత్నం సార్, ఆ ఉదయం, అన్నీ కళ్లముందుకు వచ్చాయి.

సార్ పోలీసు శాఖలో తుపాకులు బాగుచేసి రిటైరైన మనిషి, మా క్లబ్బు శిక్షకుడు. పోటీలకి వాడే రైఫిల్ తూటాలను లైసెన్సు తీసుకుని ఆయనే చేత్తో తయారుచేసేవారు. ఇత్తడి గొట్టంలో మందు పోసి, పైన బుల్లెట్ కూర్చోబెట్టి, అది ఎంత లోతుకి దిగిందో సన్నగీతల కొలబద్ద వెర్నియర్‌తో కొలిచేవారు. నేనప్పుడు తిరుపతిలో నర్సింగ్ చదువుతున్నాను. వెంట్రుకంత తేడాకి ఏమవుతుందని ఒకసారి అడిగాను.

"బుల్లెట్టు లోపలికి దిగేకొద్దీ మందుకి జాగా తగ్గిపోతాది పాపా. ఒత్తిడి పెరుగుతాది. పేలితే అది నీ మొహం పక్కనే గదా" అన్నారు. అలాంటి మనిషి చేసిన తూటాని మేమెవరమూ మళ్లీ చూసుకునేవాళ్లం కాదు.

రాష్ట్ర పోటీలు దగ్గరపడ్డాయి. బోర్లా పడుకుని పేల్చాను. రైఫిల్ ఎన్నడూ లేనంత గట్టిగా భుజాన్ని తన్నింది. ఖాళీ గొట్టం తీయడానికి బోల్ట్ పిడి ఎత్తబోతే కదల్లేదు.

"చెయ్యి తియ్! ముట్టుకోవద్దు!" సార్ అలా అరవడం నేనెప్పుడూ వినలేదు.

తంటాలుపడి ఆ ఖాళీ గొట్టాన్ని బయటికి తీశారు. అడుగున ఇత్తడి ఉబ్బి, సన్నగా చీలి ఉంది. సార్ మొహం పాలిపోయింది. మిగిలిన తూటాలు బల్లమీద పోసి వెర్నియర్ నా చేతికిచ్చారు. "నువ్వు కొలువు."

కొలిచాను. ఉండాల్సిన పొడవు లేదు. ఇంకొకటి తీశాను, అదీ అంతే. బుల్లెట్లన్నీ లోతుకి దిగిపోయి ఉన్నాయి. నమ్మలేక మళ్లీ కొలిచాను. అంకె చెప్పి వెర్నియర్ ఆయనకి తిరిగిచ్చాను.

"ఒక్కొక్కటీ కొలిచినానే. సరిగ్గానే కనిపించినాయే" అంటూ ఆయన వెర్నియర్‌ని కంటికి దగ్గరగా, దూరంగా పెట్టి చూశారు. గీతలు అలుక్కుపోతున్నాయని ఆయనకే అప్పుడు తెలిసింది.

అందరినీ పిలిచారు. క్లబ్బు సెక్రటరీ సర్దిచెప్పబోయాడు. "మందులోనే ఏందో తేడా ఉండాదేమో సార్."

"లేదప్పా. తప్పు నాది. ఈ బిడ్డ చచ్చిపోయుండేది."

ఆ మాట విన్నాకే ఎంత ప్రమాదం తప్పిందో నాకు తెలిసొచ్చింది. అక్కడే మట్టిలో కూలబడ్డాను.

ఆయన మళ్లీ తూటా తయారుచేయలేదు. నేను కంపెనీ తూటాలతో పోటీకి వెళ్లి ఓడిపోయాను. శుక్లాలు తీయించుకుని సార్ చూపు బాగుపడ్డాక, ఇక మళ్లీ తూటాలు చేయమని నేనే అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"కండ్లు చెడేది ఎవురికైనా ఉండేదే పాపా. ఇంగొకరిని సూడమని నేనెప్పుడూ అడగలేదు సూడు, దానికే నాకు నిద్ర పట్టడంల్యా."

సార్ పోయి చాలా కాలమైంది. నేనిప్పుడు పిల్లల వార్డులో పనిచేస్తున్నాను. సిరంజిలోకి మందు తీశాక కొలత సరిచూడమని పక్కనున్న నర్సుని పిలిచి చూపిస్తాను. కొత్తగా చేరిన అమ్మాయి ఈమధ్య నవ్వింది. "మీరు తీసినాక ఇంక సూసేదేముంది మేడమ్?"

సిరంజి ఆమె చేతిలో పెట్టి, చూసేదాకా నిలబడ్డాను.