శనివారం ఇనుము

పొలం అన్న పేరున ఉంది, ఇల్లూ అన్నదే. మా నాయన నాకు మిగిల్చింది ఆ పాత ట్రాక్టర్ ఒక్కటే, అదీ నోటిమాటగా. అన్నకు ఇంజిన్ చప్పుడంటే చిరాకు గనక నడపడం నాయన నాకే నేర్పాడు. మొగుణ్ణి వదిలేసి పుట్టింటికి వచ్చాక పొదటూరుపేట చుట్టుపక్కల అందరి చేలూ నేనే దున్నాను. వదిన వడ్డించిన అన్నం తల ఎత్తుకుని తిన్నానంటే ఆ బండి పుణ్యమే.

ఒక మధ్యాహ్నం అది వేడెక్కి ఆగితే, నేను వచ్చేలోపల అన్న కాలుతున్న రేడియేటర్‌లో చల్లటి బోరు నీళ్లు కుమ్మరించాడు. ఇంజిన్ బ్లాకు జానెడు మేర చీలింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "ముసలి బండి, దానికి కాలం తీరింది" అన్నాడు. నేను ఏడ్చాను. చివరికి దిగివచ్చి ఒక మాట చెప్పాడు.

"అతుక్కునిందంటే పెట్టుకో. లేకుంటే పాత ఇనుముకు ఏసేద్దాం."

శుక్రవారం పొద్దున్నే అన్నా నేనూ బ్లాకును వ్యానులో వేసుకుని తిరుత్తణిలో వెల్డింగు చేసే పట్టరకు వెళ్లాం. అక్కడి మేస్త్రీ చీలిక రెండు కొసల్లో చిన్న బెజ్జాలు వేశాడు, ఇక ముందుకు పాకకుండా. బొగ్గుల మీద బ్లాకంతా కాల్చి, అతికి, డ్రమ్ములో ఊకబూడిద కింద పూడ్చాడు.

"పోత ఇనుమక్కా ఇది. దానంతట అదే నిదానంగా ఆరాల. రేపు సాయంత్రందాకా ముట్టుకోవద్దండి."

అన్న మొహం మాడింది. "రేపు శనివారం. ఇనుము ఇంటికి ఎవురన్నా తీసకపోతారా?"

"ఎల్లుండి తీసకపోండన్నా. అమావాస్య, మంచి రోజు."

"మీ తమిళోళ్లకు మంచిది. మాకు గాదు."

"సోమవారం వస్తాములే అన్నా" అన్నాను. అన్న వ్యాను దగ్గరికి నడిచాడు. ఒప్పుకున్నాడనుకుని గాస్కెట్ల కోసం బజారుకు వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి బ్లాకు వ్యానులో ఉంది. గోనెసంచుల మీద, ఆరుబయటి గాలికి, ఇంకా పొగలు చిమ్ముతోంది. మేస్త్రీ నావైపు చూడలేకపోయాడు. "నేను వద్దనే చెప్పినానక్కా, మీ అన్న ఇనలేదు" అన్నాడు. మళ్లీ పూడ్చమని బతిమాలాను. గాలి తగిలాక లాభం లేదన్నాడు.

ఊరు దాటామో లేదో, వెనక నుంచి ఠంగుమని ఒక చప్పుడు. దిగి చూశాను. అతుకు చెక్కుచెదరలేదు, దాని పక్కనే కొత్త చీలిక. పాతదానికన్నా పొడుగు.

"మన గ్రహచారం" అన్నాడు అన్న. ఆ 'మన' అన్న మాట నాకు ఇప్పటికీ మండుతుంది.

మరునాడే తిరువళ్లూరు నుంచి పాత ఇనుము కొనేవాళ్లు వచ్చి బ్లాకుతో సహా బండినంతా ఎత్తుకుపోయారు. శనివారం ఇనుము ఇంటికి రాకూడదు గానీ ఇంట్లోంచి పోవచ్చునట. ఆ శాస్త్రం ఎక్కడుందని అడిగితే, ఆడదానికి అంత కోపం పనికిరాదని వదిన నీతి చెప్పింది.

వానలు పడ్డాక అన్న బాడుగ ట్రాక్టర్ పిలిపించాడు. కొత్త బండి. డ్రైవరు మూలల్లో మడక తిప్పలేక సగం నేల వదిలేస్తున్నాడు. చూడలేక వెళ్లి, ఒక్క చుట్టు నన్ను వేయనిమ్మన్నాను.

"నీకు తోలేదానికి వస్తుందా అక్కా?" అన్నాడు.

గట్టు మీద నుంచి అన్న నవ్వాడు. "ఏదో కొంచెం నేర్చుకునిందిలే. నువ్వు దిగొద్దు, కానీయ్."

నేను గట్టెక్కి, వాళ్లిద్దరికీ కాఫీ తేవడానికి ఇంటికి నడిచాను.