నలభై ఏడో బండ మీద నేను

ఆ రోజుల్లో ఎవరు ఏ పని చెప్పినా 'సరే సార్' అనడమే నాకు తెలుసు. ఎందుకని అడిగే తెలివి తర్వాతెప్పుడో వచ్చింది (అది వచ్చాక నాకు పనులు చెప్పేవాళ్లు తగ్గిపోయారు). రాయికల్ దగ్గర ఒక ఊళ్లో, ప్రైవేటు బడిలో, కొత్తగా చేరిన డ్రాయింగు మాస్టర్ని. మా హెడ్మాస్టరును ఊరంతా గుట్ట సార్ అనేది. ఊరవతల ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే బండల గుట్టంటే ఆయనకు ప్రాణం. గ్రానైటు వాళ్లు కోసుకుపోకముందే దాన్ని పార్కు చేయించాలని పట్టుదల. దరఖాస్తు పట్టుకొని మూడు నెలలు ఇల్లిల్లూ తిరిగితే పడినవి రెండే సంతకాలు: ఒకటి ఆయనది, రెండోది నాది. పైగా సర్కారు ఆఫీసులో ఎవరో 'ఇంతకు ఎన్ని బండలున్నయి సార్?' అని అడిగారట. గుట్ట సార్ ఆ ప్రశ్నను మనసుకు ఎక్కించుకున్నారు.

అలా ఒక ఆదివారం బండలు లెక్కపెట్టే పని నా నెత్తిన పడింది. లెక్కపెట్టినదాన్నే మళ్లీ లెక్కపెట్టకుండా ప్రతి బండకూ నంబరు వేయమన్నారు. బడి గేటుకు వేయగా మిగిలిన ఎర్ర రంగు డబ్బా పట్టుకొని గుట్ట ఎక్కాను. డ్రాయింగు మాస్టర్ని కదా, ఉత్త అంకెలు వేస్తే నామోషీ అని ఒక్కోదానికి నీడ కూడా దిద్దాను. నలభై ఏడుకు తోక తిప్పుతుండగా వెనక నుంచి కేక వినిపించింది. రేకుల ఇళ్లలో ఉక్కకు తాళలేక ఆడవాళ్లు బీడీలు చేసుకోవడానికి ఆ బండల నీడకే వచ్చేవారు. చాటలు పక్కన పెట్టి అందరూ నన్ను చుట్టుముట్టారు. ముందు నిలబడ్డది కత్తెర పెద్దమ్మ. ఆకు కత్తిరించే కత్తెర ఆమె చేతిలోంచి ఎప్పుడూ దిగదు.

"ఎవలనడిగి ఏస్తున్నవ్ గీ ఎర్ర నంబర్లు? పక్కూరి గుట్టకు గిట్లనే ఏసిండ్రు. నెల తిరగకముందే మిషిన్లచ్చినయి. గిప్పుడు గాడ గుంత తప్ప ఏం లేదు."

"మేం గుట్టను కాపాడేటోళ్లం పెద్దమ్మా!"

"కాపాడేటోనివి రంగెందుకు పూస్తున్నవ్? గీ నంబరేసిన బండ మీదనే కూసో. సర్పంచి అచ్చేదాక లెవ్వద్దు."

మెల్లగా జారుకుందామని లేచాను. కత్తెర కూడా లేచింది. కూర్చున్నాను.

కబురందుకొని నన్ను విడిపించడానికి ఉరికొచ్చిన గుట్ట సార్, అంతమంది ఆడవాళ్లను ఒక్కచోట చూసి నా సంగతే మరిచిపోయారు. సంచిలోంచి దరఖాస్తు తీసి, "గుట్ట మీద గింత పాణముండి, సంతకాలెందుకు పెట్టలేదమ్మా?" అన్నారు.

"పార్కంటే కంచె ఏస్తరు, టికెట్ పెడ్తరు. మరి మేమేడ కూసోవాలె సారూ? గది రాసినవా గా కాయితంల?" అంది పెద్దమ్మ.

రాయలేదు. ఆ ఆలోచనే మా ఇద్దరికీ రాలేదు. సార్ కాగితం నా చేతికిచ్చారు. కూర్చున్నచోటు నుంచి కదలకుండానే రాశాను: 'బీడీలు చేసుకునే ఆడవాళ్లు ఎప్పటిలాగే బండల నీడన కూర్చుంటారు. వాళ్లకు టికెట్ ఉండదు.' పెద్దమ్మ రెండుసార్లు చదివించుకొని, వేలిముద్రకు సిరా లేదంటే నా రంగు డబ్బాలోనే బొటనవేలు ముంచింది. ఆమె వెనక అందరూ ముంచారు. ఆ రంగు ఆరక కాగితాలన్నీ ఒకదానికొకటి అతుక్కుని అట్ట అయిపోయాయి. ఆఫీసులో స్కేలు పెట్టి విడదీశారట.

పార్కు వచ్చింది, చాలా ఏళ్లకు. (మా అట్ట వల్లేనని గుట్ట సార్ చివరిదాకా నమ్మారు. నేనిప్పటికీ నమ్ముతాను.) మొన్నామధ్య నేనూ మా అమ్మాయీ టికెట్లు కొనుక్కుని వెళ్లాం. నలభై ఏడు వెలిసిపోయింది గానీ ఏడు తోక ఇంకా ఉంది. "నాన్నా, గీ నంబరు ఎవలేసిండ్రు?" అంది మా అమ్మాయి. గొప్పగా చెప్పబోతున్నాను. ఇంతలో నీడలోంచి ఒక ముసలి గొంతు పలికింది.

"సర్పంచి ఇంక రానే లేదు. నిన్నెవలు లెవ్వమన్నరు సారూ?"

ఒళ్లో చాట, చేతిలో కత్తెర. టికెట్ లేదు. ఆ రోజు భయపడుతూ రాసిన రెండు ముక్కలు ఇన్నాళ్లూ చెల్లినందుకు నాకు పట్టరాని సంతోషం కలిగింది. వెళ్లి, మోకాళ్లు పట్టుకుని, ఆ బండ మీదే కూర్చున్నాను.