చింతపండుతో తోమిన రోమన్ సీసా

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ. ఆ సీసా సంగతి ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు అన్నం సహించేలా లేదు.

కెనడాలో, వాటర్లూలోని మా కాండో ఫ్లాట్ హాల్లో, కిటికీ పక్కన దేవుడి అలమర ఉంది. వెలుతురు బాగా పడుతుందని దాని పై అరలో నా రోమన్ గాజుసీసా పెట్టుకున్నాను. చూపుడువేలంత ఉంటుంది. టొరంటోలో పాత వస్తువులమ్మే షాపులో కొన్నాను. సుమారు రెండు వేల ఏళ్ళ నాటిదన్నారు. ఆ రోజుల్లో సుగంధ తైలం పోసి అమ్మేవారట, అయిపోగానే పారేసేవారట.

పారేసే సీసాను ఆ పనివాడు ఎంత ఒడుపుగా చేశాడో! కరిగిన గాజు ముద్దను గొట్టం చివర తీసుకుని, తిప్పుతూ ఊదాలి. ఆలస్యమైతే గాజు బిగుసుకుపోతుంది. మెడ సాగదీస్తున్నప్పుడు లోపల చిక్కుకున్న ఒక బుడగ తానూ పొడుగ్గా సాగి అలాగే ఉండిపోయింది. వేడి మీదే మూతి అంచును లోపలికి మడిచాడు. ఒకవైపు మడత కాస్త లావుగా వచ్చింది, తొందరలో ఉన్నాడేమో. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. నా పని తర్వాతి రిలీజ్ దాకా నిలిస్తే గొప్ప. ఆ మడతను చూస్తే నాకు అసూయగా ఉండేది.

అన్ని వందల ఏళ్ళూ మట్టిలోని తేమ తినేయగా, గాజు మీద ఉల్లిపొర కన్నా పలచని పొరలు ఏర్పడ్డాయి. వెలుతురు పడితే నెమలికంఠం రంగు, బంగారు రంగు, ఊదా మెరిసేవి. గట్టిగా తుడిస్తే రాలిపోతాయి. ఈ మాట మా ఆయనకు ఎన్నిసార్లు చెప్పానో. దున్నపోతు మీద వాన. ఫ్రెండ్స్ వస్తే, "మా ఆవిడ బాయ్‌ఫ్రెండ్, రోమ్ నుంచి వచ్చాడు" అని సీసాను పరిచయం చేసేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఆ ఇంట్లో సోఫా నుంచి సాంబారు గిన్నె దాకా అన్నీ ఆయనకు నచ్చి కొన్నవే. నాకు నచ్చి తెచ్చుకున్నది అదొక్కటి, అదీ నలుగురికీ నవ్వులాట.

పోయిన వేసవిలో మా అత్తగారు వచ్చారు. శుక్రవారం పూజకని గురువారమే దేవుడి సామాను తోముతారు. ఆ గురువారం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటగదిలో తువ్వాలు మీద కుందులు, గంట, హారతి పళ్ళెం తళతళలాడుతున్నాయి. వాటి మధ్య నా సీసా బోర్లించి ఉంది. లేత ఆకుపచ్చ గాజు, అంతే. నెమలికంఠం రంగంతా సింకులో చింతపండు తుక్కుతో పాటు పోయింది.

"ఎంత చిలుం పట్టించావే అమ్మాయ్! రెండుసార్లు తోమితే గానీ వదల్లేదు" అన్నారు సంబరంగా.

ఆవిడ మీద కోపం రాలేదు. దేవుడి అలమరలో ఉన్నది దేవుడి సామానే అనుకున్నారు. కానీ ఇంటి నుంచే పనిచేసే మా ఆయన ఎదురుగా టేబుల్ దగ్గరే ఉన్నాడు.

"నువ్వు చూస్తూనే ఉన్నావా?" అన్నాను.

"చూశా. మంచిగా క్లీన్ చేస్తోంది కదా అనుకున్నా."

నాకు ఏడుపు ఆగలేదు. అత్తగారు బిత్తరపోయి గదిలోకి వెళ్ళిపోయారు. మా ఆయన ఫోన్ తీశాడు. కాసేపు చదివి, "ఇదిగో, ఇక్కడ రాసుంది. చేసినోడు ప్లెయిన్‌గానే చేశాడంట. ఆ రంగులన్నీ తర్వాత గాజు పాడైపోయి వచ్చినవంట. అమ్మ ఒరిజినల్ లుక్ తెప్పించింది, నువ్వు హ్యాపీగా ఫీల్ అవ్వాలి" అన్నాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటు. పైగా ఆ మాట నిజమే. ఇన్నేళ్ళలో ఆ సీసా గురించి ఒక్క ప్రశ్న అడగని మనిషి, మొదటిసారి దాని గురించి చదివింది నా నోరు మూయించడానికి.

"అమ్మ లోపల బాధపడుతోంది. వెళ్ళి సారీ చెప్పు" అన్నాడు.

వెళ్ళాను. మంచం అంచున కూర్చుని కళ్ళు ఒత్తుకుంటున్నారు. సారీ చెప్పాను. ఆవిడ నా తల నిమిరారు. నిజంగా ప్రేమగానే నిమిరారు.

"పోనీలేమ్మా. ఆఫీసు పనితో నీకు తీరికేదీ? నేనున్నన్నాళ్ళూ ప్రతి గురువారం దాన్ని నేనే తోముతాలే" అన్నారు.

"అలాగే అత్తయ్యా" అన్నాను.