మొప్ప ఎత్తి చూసే లింబయ్య

బోధన్ చేపల మార్కెట్లో లింబయ్య ఎప్పుడూ ఏమీ కొనడు. మస్కట్‌లో వేటపడవ మీద పన్నెండేళ్లు పనిచేసి వచ్చిన మనిషి. వలతాళ్లు కోసిన గీతలు అరచేతుల్లో ఇంకా తెల్లగా కనిపిస్తాయి. రోజూ పొద్దున్నే గంప గంప దగ్గరా ఆగి, చేప మొప్ప ఎత్తి చూసి, కొనేవాళ్లకు వినపడేలా తీర్పు చెప్తాడు. అతను వస్తున్నాడంటే అమ్మేవాళ్లు గంపల మీద గోనెపట్టా లాగేస్తారు.

మే నెలలో ఒకరోజు చేపలమ్మే అంజవ్వ దగ్గర ఒకామె వంజరం చేప తూయించుకుంటుండగా లింబయ్య మొప్ప ఎత్తాడు. "తాజాది గాదు, రెండు నెలల కింది ఐసు సరుకు. ఎండలకు సముద్రం కాగితే వంజరం ఉంటదా? సల్లటి నీళ్లు ఎతుక్కుంట పోతది." ఆమె సంచి మడుచుకుని వెళ్లిపోయింది. ఆ వారంలో అంజవ్వకు అతను చెడగొట్టిన మూడో బేరం అది.

అంజవ్వ కత్తిపీట మీంచి లేవలేదు. "నీళ్లు కాగితే ఎల్లిపోవాల్నని చేపకు ఎర్కయింది. గా మస్కట్ ఎండల పన్నెండేండ్లు నువ్వెందుకు పడున్నవ్, లింబన్నా?" పక్క గంపలవాళ్లు గట్టిగా నవ్వారు.

లింబయ్య చేపను ఐసు మీద పెట్టి, బొటనవేలితో మొప్ప మూశాడు. "చేప పాస్‌పోర్టు పడవ సేటు గుంజుకోడు గదా," అన్నాడు.

"జరుగు. గిరాకికి అడ్డమున్నవ్," అంది అంజవ్వ.