ఆరున్నొక్కటో అడుగు

మా గ్రౌండ్ ఫ్లోర్ తాత పోయిన కబురు గురువారం పొద్దున అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రెండు మెసేజ్‌ల మధ్య ఇరుక్కుని వచ్చింది. పైన మోటారు రిపేరు, నీళ్ళు పదింటి తర్వాతే. కింద ఎవరిదో పార్కింగ్ తగాదా. రెండో అంతస్తు ఆంటీ కంగారులో నీళ్ళ మెసేజ్‌కి దండం పెట్టి, తాత మెసేజ్‌కి బొటనవేలు పెట్టింది. తర్వాత సరిదిద్దుకుంది గానీ, అప్పటికే అందరూ చూశారు. తాతే ఉంటే "తూకం తప్పింది" అని ఊరుకునేవాడు.

తాత అంటే నాకు చుట్టరికం ఏమీ లేదు. చిక్కడపల్లిలో ఏళ్ళ తరబడి బియ్యం దుకాణం నడిపి, మోకాళ్ళు మొరాయించాక అశోక్ నగర్‌లో మా బిల్డింగ్‌లోనే ఉండిపోయిన మనిషి. పాఠకులు శ్రద్ధగా గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఈ మహానుభావుడు నా బౌలింగ్ కోచ్. జీవితంలో ఒక్క బంతి వెయ్యలేదు. నేను వేస్తుంటే చూడనూ లేదు.

చూడలేదన్నది అలంకారం కాదు. మా బిల్డింగ్ వెనక షాబాదు బండలు పరిచిన పొడుగాటి సందు ఉంది. అక్కడ సుద్దముక్కతో క్రీజు గీసుకుని పొద్దున్నే ప్రాక్టీసు చేస్తాను. ఆ గీత పక్కనే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, గోడ వైపు మొహం పెట్టి, నాకు వీపు చూపిస్తూ కూర్చునేవాడు తాత. నేను పరుగు మొదలుపెట్టగానే ముందుకు వంగేవాడు. కుర్చీ వెనక కాళ్ళు రెండూ గాల్లోకి లేచేవి. నా కాలు గీత వెనకే పడితే ఆయన వెనక్కి వాలేవాడు, కుర్చీ బండ మీద టక్‌మనేది. గీత దాటితే టక్ ఉండదు. "నో" అని వినపడేది. ఒక్కోసారి ఆ "నో" నా కాలు నేలకు ఆనకముందే వచ్చేది.

"తాతా, ఇంక కాలే పడలేదు గదా."

"పడ్డదిరా. ఎప్పుడో పడ్డది. నువ్విప్పుడు చూస్తున్నవ్, అంతే."

దీన్ని మొదట్లో జోక్ అనుకున్నాను. జోకుల విషయంలో నాకు కాస్త పేరుంది కాబట్టి పోటీ అనుకున్నాను కూడా. అయితే మూడో అంతస్తు లెక్చరర్‌గారు ఓసారి మెట్లు దిగుతుంటే, తాత తలుపు వెనక నుంచే "సార్, ఎడమ మోకాలు జర చూపించుకోండ్రి" అన్నాడు. సార్ నవ్వేసి వెళ్ళిపోయారు. నెలలోపే ఆ మోకాలికే ఆపరేషన్ అయింది. అప్పటి నుంచి బిల్డింగ్‌లో చాలామంది తాత గుమ్మం ముందు మునివేళ్ళ మీద నడవడం మొదలుపెట్టారు. లోపలి నుంచి నవ్వు వినపడేది. "గట్ల నడిస్తే ఇంక బాగ వినవడ్తది."

ఆయన లెక్క కూడా ఆయనదే. బియ్యం కొలిచేవాళ్ళు ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అనరు, అందులో ఏడుపు వినిపిస్తుందని. ఆరు తర్వాత ఆరున్నొక్కటి, ఆ తర్వాత ఎనిమిది. దుకాణం మూసేసినా తాత ఆ లెక్క మూయలేదు. ఆయన ఫ్లాటు నంబరు ఏడు. కొరియర్ వాళ్ళకు ఫోనులో "ఆరున్నొక్కటి" అని చెబితే పార్సిల్ ఆరుకు పోయేది. ఆరో ఫ్లాటు వాళ్ళు పాపం ఆయన మందులన్నీ సంతకాలు పెట్టి తీసుకునేవాళ్ళు.

నా పరుగుకు తొమ్మిది అడుగులు కొలిచి పెట్టింది ఆయనే. "లాభం, రెండు, మూడు..." అని చెబుతూ నా పక్కనే నడిచాడు. నేనూ మనసులో అదే లెక్కతో పరుగెత్తేవాణ్ణి. ఓవర్‌కు రెండు నో బాల్స్ వేసేవాణ్ణి. నారాయణగూడలో మా కాలేజీ కెప్టెన్ టేపు పట్టుకొచ్చి మార్కు వెనక్కి జరిపాడు. ఒక బంతి సరిపోయింది, తర్వాతిది మళ్ళీ జానెడు దాటింది. "వచ్చే వారం ఆదివారం మ్యాచ్‌ల నీకు ఒక్క ఓవర్ ఇస్తరా భయ్. రెండో నో పడ్డదా, ఈ సంవత్సరమంత నీళ్ళ సీసాలు మోసుడే," అన్నాడు. ఫైనల్ ఇయర్ వాడికి ఈ సంవత్సరం తప్ప మరో సంవత్సరం ఉండదు.

ఆ సాయంత్రమే తాత ముందు నిలబడ్డాను. ఆరు బంతులు వేయించాడు. గోడ వైపే చూస్తూ అడిగాడు.

"ఆరుకు, ఎనిమిదికి నడుమ ఏందో దొర్లుతుందిరా. లోపల ఎట్ల లెక్కవెడ్తున్నవ్?"

"నువ్వు చెప్పినట్లే తాతా. ఐదు, ఆరు, ఆరున్నొక్కటి, ఎనిమిది."

తాత కుర్చీని బండల మీద ఈడ్చి, మొదటిసారి నా వైపు తిరిగాడు.

"గా మాట పొడుగు బిడ్డా. నువ్వు మాటంత అడుగేస్తున్నవ్. అన్ని మాటలు చిన్నయి, అదొక్కటి పొడుగు. తప్పు నీ కాలుది కాదు, నా నోటిది. గీ అంకె అనుకో."

ఏడు అని నోటితో అనలేదు. గాలిలో వేలితో రాసి చూపించాడు.

"నువ్వననిది నేనెట్ల అనాలె తాతా? నువ్వెందుకనవ్?"

"ఒక్కపారి అన్న. దుకాణంల. ఆ దినం ఇంట్ల ఏడ్సినం."

బంతి తీసుకుని మళ్ళీ మార్కు దగ్గరికి నడిచాను. ఆ తర్వాత నాలుగు రోజులు ఏడు అనుకోవడానికి ప్రయత్నించాను. డిగ్రీ చదువుతున్న, దయ్యాల మీద స్కిట్లు రాసిన మనిషిని, ఆరో అడుగు దాటగానే నా లోపలి నాలుక తనంతట తాను ఆరున్నొక్కటి వైపు తిరిగేది. మంగళవారం పొద్దున నిజం ఒప్పుకున్నాను.

"నోట్లకు రాదు తాతా."

"పోనీ తియ్. మ్యాచ్‌ల నేనంట."

"నువ్వు గ్రౌండుకొస్తవా?"

"చూస్తం." లేచి గోడ దాకా అడుగులు లెక్కపెడుతూ నడిచి వెళ్ళి, తిరిగి వచ్చి, నిలబడిపోయాడు. "ఈ గోడ నుంచి ఆ గోడకు ముప్పై అడుగులుండాలెరా. ఇయ్యాల ఇరవై తొమ్మిదికే అయిపోయింది."

"పెద్ద అడుగులేసినవేమో."

"నేనా?" అని నవ్వాడు.

గురువారం వాళ్ళింటికి వెళ్ళాను. అవ్వ, అంటే తాత భార్య, నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నిన్న పొద్దుగాల గోడ దిక్కు కూసోని ఒకటే తీరు. ఏడు, ఏడు, ఏడు. ఎన్నడు అనని మనిషి. ఏందయ్యా గది అంటే, పిలగానికి మ్యాచున్నది, నేర్చుకుంటున్న అన్నడు."

నా చేతిని అలాగే ఉంచాను. ఆమె నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆదివారం గ్రౌండుకు వెళ్ళకూడదనుకున్నాను. అవ్వే పంపింది. "పో. నేర్చుకున్నది ఊకె పోవద్దు."

కెప్టెన్ మాట ప్రకారం ఒక్క ఓవర్ ఇచ్చాడు. అంపైర్ మా పీటీ సార్. మొదటి బంతి, ఆరున్నొక్కటి, కాలు గీత దాటింది. సార్ చెయ్యి చాచారు. కెప్టెన్ నీళ్ళ సీసాల వైపు చూశాడు. నేను మార్కు దగ్గరికి తిరిగి నడిచాను. ఫ్లైఓవర్ మీద ఆటోల మోత, బస్సుల హారన్లు. నడుస్తుంటే అవన్నీ తగ్గుతూ వచ్చాయి. మార్కు దగ్గరికి చేరేసరికి నా బూట్ల చప్పుడు ఒక్కటే మిగిలింది.

పరుగెత్తాను. లాభం. రెండు. మూడు. ఐదు దాటాక గమనించాను, లెక్క నాది కాదు. కుడి భుజం వెనక, బియ్యం దుమ్ము పట్టిన గొంతుతో, తొందర లేకుండా. ఆరు. నేను నోరు బిగబట్టాను.

"ఏడు."

అంకె చెప్పాడో, ఏడవమని చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు. రెండూ చేశాను. బంతి ఎటు పోయిందో కళ్ళు మసకేసి కనపడలేదు. కాలు మాత్రం కనపడింది, గీతకు బెత్తెడు వెనక. సార్ చెయ్యి కిందే ఉంది. వికెట్ కూడా పడలేదు లెండి, ఇది అలాంటి కథ కాదు. మిగిలిన బంతులన్నీ గీత వెనకే పడ్డాయి. ఓవర్ అయ్యాక కెప్టెన్ దగ్గరకొచ్చి, "కంట్ల ఏమన్న పడ్డదారా?" అన్నాడు. దుమ్మన్నాను. వచ్చే మ్యాచ్‌కు నీళ్ళ సీసాలు వేరేవాడు మోస్తున్నాడు.

నిన్న పొద్దున మళ్ళీ సందులోకి దిగాను. కుర్చీ గోడ వైపే ఉంది, ఎవరూ తియ్యలేదు. తొమ్మిది అడుగులు పరుగెత్తి, చెయ్యి తిప్పకుండా గీత దగ్గర ఆగిపోయాను, కాలు ఎక్కడ పడిందో చూద్దామని. వెనకే పడింది.

కుర్చీ టక్‌మంది.

"బాల్ తగిలుంటదిరా," అంది మా అమ్మ పైన కిటికీలోంచి.

బాల్ ఇంకా నా చేతిలోనే ఉంది.